ఊరు చిన్నదే, లెక్కే తెగదు
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సరిహద్దు చిన్న ఊళ్లలోని జనం లెక్క గురించే. ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల నుంచీ, అటు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ వైపు నుంచీ వచ్చినవాటిలో పదిమందికి పనికొచ్చేవి ఎంచాం. ఉదాహరణల్లోని ఊరి అంకెలు లెక్క అర్థం కావడానికి మేం వేసుకున్నవి. వాటి స్థానంలో మీ ఊరి అంకెలు పెట్టి చూసుకోండి.

ప్రశ్న: మాది ఎన్.ఏ.సి. (నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్, ఒడిశాలో చిన్న పట్టణాల పాలక సంస్థ). పన్నులు చూస్తే పట్నం పన్నులు. వీధిలోకి వస్తే గొడ్డూ గోదా, ఎడ్లబళ్లు, ఇంటి ముందు వడ్లు ఆరబోతలు. మేము పల్లెలో ఉన్నట్టా, పట్నంలో ఉన్నట్టా?
– ఒక రైతు, కాశీనగరం (గజపతి జిల్లా)

జవాబు: కాగితం మీద పట్నమే. జనగణన వాళ్లకు పట్టణాలు రెండు రకాలు. ప్రభుత్వం చట్టప్రకారం మునిసిపాలిటీగానో ఎన్.ఏ.సి.గానో నగర పంచాయతీగానో ప్రకటించినది మొదటి రకం. అక్కడ ఎంతమంది నాగలి పట్టినా అది పట్టణమే. మీది ఇదే. రెండో రకం ‘జనగణన పట్టణం’. అక్కడ పాలన పంచాయతీదే, అంకెలు మాత్రం పట్టణం కింద చేరతాయి. దానికి మూడు పరీక్షలున్నాయి: జనాభా కనీసం 5,000 ఉండాలి, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి, ఏడాదిలో ఆరు నెలలకు తగ్గకుండా పనిచేసే మగవాళ్లలో కనీసం 75 శాతం వ్యవసాయేతర పనుల్లో ఉండాలి.

సేద్యపు ఊళ్లు ఆగిపోయేది మూడోదాని దగ్గరే. అలాంటి మగవాళ్లు 1,600 మంది ఉండి, వాళ్లలో 700 మంది రైతులూ వ్యవసాయ కూలీలే అయితే, మిగతావాళ్లు 56 శాతమే. ఎనిమిది వేల జనం ఉన్నా ఆ ఊరు లెక్కల్లో పల్లెగానే ఉండిపోతుంది.

తేడా తెలిసేది దరఖాస్తుల దగ్గర. ఎన్.ఏ.సి. పరిధిలో గ్రామీణ ఉపాధి జాబ్‌కార్డు ఇవ్వరు. ఒడిశాలో పట్టణ కూలీలకు ‘ముక్తా’ పథకం వేరేగా ఉంది, అడగాల్సింది దాన్నే. ఇంటి పథకమూ పట్టణ విభాగం కిందే వస్తుంది. గ్రామీణ ఫారం నింపి బ్లాకు ఆఫీసులో ఇస్తే నెలల తర్వాత వెనక్కి రావడం తప్ప జరిగేదేమీ లేదు. పీఎం కిసాన్‌కు మాత్రం ఈ గొడవ లేదు. సాగుభూమి పట్టణ హద్దులో ఉన్నా అది వర్తిస్తుంది.

ప్రశ్న: 2001కీ 2011కీ మధ్య మా ఊళ్లో జనం పెద్దగా పెరగలేదని అంకెలు చెబుతున్నాయి. కొత్త ఇళ్లు మాత్రం వరసగా లేచాయి. ఏది నిజం?
– ఒక ఉపాధ్యాయుడు, గుడారి (రాయగడ జిల్లా)

జవాబు: రెండూ నిజమే. కాపురాలు విడిపోయాయి, మనుషులు వెళ్లిపోయారు. 2001లో 6,400 మంది, 1,280 కాపురాలు ఉన్నాయనుకోండి. కాపురానికి 5 మంది. 2011లో 6,720 మంది, 1,530 కాపురాలు. ఇప్పుడు కాపురానికి 4.4. జనం పెరిగింది 5 శాతం, కాపురాలు పెరిగింది దాదాపు 20 శాతం. వీధిలో కంటికి కనబడేది ఆ రెండోది.

ఎందరు వెళ్లిపోయారో కూడా రాబట్టవచ్చు. ఆ పదేళ్లలో ఒడిశాలో పుట్టుకలకూ చావులకూ మధ్య తేడా ఏటా వెయ్యికి 12 నుంచి 13 దాకా ఉంది. ఆ లెక్కన 6,400 మందికి పదేళ్లలో 850 మంది దాకా కలవాలి. కలిసింది 320. తక్కిన 530 మంది పనికో చదువుకో పెళ్లికో ఊరు దాటారు. వచ్చి స్థిరపడినవాళ్లను తీసేయగా మిగిలిన తేడా ఇది, కాబట్టి నిజంగా వెళ్లినవాళ్లు ఇంకా ఎక్కువే ఉండొచ్చు. రాష్ట్రం మొత్తమ్మీద ఆ దశాబ్దపు పెరుగుదల 14 శాతం. మీ ఊరు దానికి ఎంత దిగువన ఉంటే అంత ఎక్కువగా మనుషుల్ని బయటికి పంపుతోందన్నమాట.

ఇలాంటి లెక్కకు దిగేవాళ్లు చాలామంది ఊరి జనన రిజిస్టరు నమ్ముకుని తప్పులో పడతారు. పుట్టుక ఎక్కడ జరిగితే అక్కడే నమోదవుతుంది. తొలి కాన్పు పుట్టింట్లో, కష్టమైన కాన్పు పర్లాకిమిడిలోనో శ్రీకాకుళంలోనో జరుగుతుంది. ఆ పిల్లలెవరూ మీ ఊరి రిజిస్టరులో ఉండరు. పైగా మీ ఊరి ఆడపడుచులు పుట్టింటికొచ్చి కన్న పిల్లలు అందులో ఉంటారు. చిన్నపిల్లల సంఖ్య కావాలంటే అంగన్‌వాడీ సర్వే పుస్తకం అంతకన్నా నయం. అది ఇంటింటికీ తిరిగి రాసేది.

సొంతంగా లెక్క తీయాలనుకుంటే 130, 150 ఇళ్లకు ఒక మనిషి చొప్పున పంచుకోండి. ఒక్కొక్కరికి పేరు, వయసు, ఆడా మగా, పని అన్న గళ్లతో పాటు ‘గత ఆరు నెలల్లో ఎన్ని నెలలు ఊళ్లో ఉన్నారు’ అన్న గడి తప్పక పెట్టండి. ఆ గడి లేని లెక్కలో హైదరాబాదులో ఉన్న కొడుకును తల్లి తన ఇంట్లోనే రాయిస్తుంది. తల్లి కదా, మరి.

ప్రశ్న: ఏటా జనవరి ఆఖర్న మిరప ఏరడానికి భూపాలపల్లి, ములుగు, ఖమ్మం వైపు పోయి ఏప్రిల్‌లో తిరిగొస్తాం. జనగణన ఫిబ్రవరిలోనేనట. మమ్మల్ని సిరొంచలో రాస్తారా, తెలంగాణలో రాస్తారా? అసలు రాస్తారా?
– కూలీ మేస్త్రీ, సిరొంచ తాలూకా

జవాబు: ఈసారి లెక్కకు ఆధారం 2027 ఫిబ్రవరి 28 రాత్రి పన్నెండు దాటిన క్షణం. ఇళ్ల లెక్క 2026లో, మనుషుల లెక్క 2027 ఫిబ్రవరిలో. 2011లో మనుషుల్ని రాసింది ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. అప్పటి నియమం చెబుతాం, మీ సంగతి దాన్నిబట్టి తేల్చుకోవచ్చు.

ఆ తేదీల మధ్య ఒక్క రోజైనా సొంత ఇంట్లో ఉండి వెళ్లినవాళ్లను ఇంటి దగ్గరే రాస్తారు. ఫిబ్రవరి 12న బండెక్కితే, గణకుడు 20న వచ్చినా మీ పేర్లు సిరొంచ లెక్కలోవే. ఇంట్లో ఉన్న పెద్దలు వివరాలు చెబితే చాలు. ఆ గడువు మొదలు కాకముందే వెళ్లి, అది ముగిశాక వచ్చేవాళ్లను మాత్రం ఎక్కడుంటే అక్కడే రాయాలి. జనవరి ఆఖర్న పోయేవాళ్లు ఈ రెండో కోవలోకి వస్తారు. అంటే మిరప చేను దగ్గరే.

చిక్కు కూడా అక్కడే. చేలో వేసుకున్న గుడిసెకు ఇంటి నంబరు ఉండదు. ఇళ్ల లెక్క తీసే రోజుల్లో ఆ గుడిసె అసలు ఉండనే ఉండదు, కాబట్టి గణకుడి పటంలోనూ ఉండదు. ఊరి ఇళ్లు ముగించుకుని ఆయన వెళ్లిపోతాడు. ఇక్కడ మేస్త్రీగా మీరు చేయగలిగింది ఉంది. దిగిన వారంలోనే ఆ ఊరి పంచాయతీ కార్యదర్శికి ‘ఫలానా రైతు చేలో ఇన్ని కుటుంబాలు, ఇంతమంది’ అని కాగితం ఇవ్వండి. చేను యజమాని చేత కూడా చెప్పించండి. జట్టులో ప్రతి మనిషి పేరు, వయసు, పుట్టిన ఊరు, చదువు, మాతృభాష ఒక పుస్తకంలో ముందే రాసి పెట్టుకోండి. పగలంతా చేలో ఉంటారు కనుక గణకుడు వచ్చినప్పుడు ఒక్కరే దొరకవచ్చు. ఆ ఒక్కరికి ముప్ఫై మంది వయసులు నోటికి రావు. నీడలేకుండా బయట పడుకునేవాళ్ల లెక్క విడిగా ఫిబ్రవరి 28 రాత్రి తీస్తారు. గుడిసెలో ఉన్నవాళ్లు దానికోసం ఎదురుచూడకూడదు.

అక్కడ రాయించుకున్నాక ఇంటి దగ్గర పెద్దవాళ్లు మళ్లీ చెప్పకుండా ఫోన్ చేసి చెప్పండి. పిల్లల్ని తాత నాయనమ్మల దగ్గర వదిలిపోతే పిల్లలు సిరొంచలో, తల్లిదండ్రులు చేలో లెక్కకొస్తారు. అందుకే వలస ఊళ్ల అంకెల్లో ఇరవై నుంచి నలభై అయిదేళ్ల వాళ్లు పలచబడి, చిన్నపిల్లలూ ముసలివాళ్లూ ఎక్కువగా కనబడతారు. ఊరికి జబ్బేదో చేసిందనుకోనక్కర్లేదు, అది మిరపకాయ చేసిన పని. కానీ ఆ అంకెలమీదే పదేళ్ల పాటు పథకాలు వేస్తారు. వీలుంటే జట్టులో సగం మందైనా ఫిబ్రవరి రెండో వారం దాకా ఆగి బయలుదేరేలా చూడండి. గణన తేదీలు ప్రకటించాక ప్రయాణం రోజు ఖాయం చేసుకోవడం మంచిది.

ప్రశ్న: మా వైపు తెలుగు ఇళ్లు చాలానే ఉన్నా బడిలో తెలుగు చెప్పే మాస్టారు లేరు. ఎంతమంది పిల్లలుంటే ఇస్తారు? జనగణనలో తెలుగు అని రాయిస్తే సరిపోతుందా?
– ఒక తల్లి, గుణుపూర్ దగ్గరి పల్లె

జవాబు: సరిపోదు. రెండూ వేర్వేరు లెక్కలు, రెండూ కావాలి.

మాతృభాష సంగతి ముందు చూద్దాం. 2011లో ప్రతి మనిషికీ మాతృభాష ఒకటి, వచ్చిన ఇతర భాషలు రెండు దాకా అడిగారు. మాతృభాష అంటే చిన్నతనంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాష. బడిలో చదివింది కాదు, ఉంటున్న రాష్ట్రానిదీ కాదు. ఇంటి యజమానిని ఒక్కసారి అడిగి అందరికీ ‘ఒడియా’ అని దింపేయడం సరిహద్దులో మామూలే. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పండి. అత్తగారిది తెలుగు, కోడలిది సవర అయితే ఆ రెండూ అలాగే పడాలి. 2011 లెక్కల్లో ఒడిశాలో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు ఆరున్నర లక్షల పైచిలుకు, మహారాష్ట్రలో 13 లక్షల పైచిలుకు.

బడికి కావలసింది పిల్లల లెక్క. ప్రాథమిక చదువు మాతృభాషలో అందించే ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతుంది. భాషా అల్పసంఖ్యాకుల రక్షణల్లో ప్రాథమిక దశకు ఒప్పుకున్న కొలత ఇది: బడి మొత్తంమీద ఆ భాష పిల్లలు 40 మంది గానీ, ఒక తరగతిలో 10 మంది గానీ ఉంటే ఆ భాషలో చెప్పేవాళ్లను వేయాలి. రెండింటిలో ఒకటి నిండితే చాలు. ఈ ‘గానీ’ని చాలామంది గమనించరు.

అంకెల్లో చూడండి. ఒడిశాలో ఇటీవలి జననాల రేటు వెయ్యికి ఏడాదికి 18 దగ్గర. తెలుగువాళ్లు 600 మంది ఉన్న చోట ఏటా పుట్టేది 10, 11 మంది. అందరూ ఒకే బడికొస్తే తరగతికి పది అన్న కొలత అంచుమీద ఉంటుంది. 450 మంది ఉన్న చోట ఏటా ఎనిమిది మందే, తరగతి కొలత తప్పుతుంది. కానీ ఒకటి నుంచి అయిదు తరగతులు కలిపితే 40 అవుతారు. చిన్న ఊళ్లు ఎప్పుడూ మొత్తం కొలత పట్టుకోవాలి.

పని ఇలా మొదలుపెట్టండి. పిల్లవాడి పేరు, పుట్టిన తేదీ, ఇప్పుడు చదివే బడి, తరగతి, మాతృభాష, తల్లి లేదా తండ్రి సంతకం ఉన్న జాబితా తయారు చేయండి. బడి తెరవడానికి మూడు నెలల ముందే ప్రధానోపాధ్యాయుడికి ఇచ్చి, భాషా ఎంపిక రిజిస్టరులో ఎక్కించమనండి. ముందస్తు నమోదు ఆ రక్షణల్లో ఉన్నదే. ఒక నకలు బ్లాకు విద్యాధికారికి, ఒకటి జిల్లా విద్యాధికారికి ఇచ్చి అందినట్టు ముద్ర వేయించుకోండి. కదలకపోతే భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్‌కు అదే జాబితాతో రాయవచ్చు. ఆ పదవి 350బీ అధికరణం కింద ఉన్నదే.

జాబితాలు వీగిపోయేది ఎక్కువగా ఒక్క కారణంతో: అందులోని పిల్లలు వేరే బడిలో ఉంటారు. భామిని, కొత్తూరు, పాతపట్నం బడుల్లో పేరున్న పిల్లల్ని ఇక్కడ లెక్కించరు. ప్రైవేటు ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లవాడిని చేరిస్తే, తనిఖీ రోజున ఆ తండ్రి ‘మేము మార్చం’ అంటాడు. 52 పేర్లలో 15 అలా ఎగిరిపోతే మిగిలేది 37. అందుకని నిజంగా పంపే పిల్లల్నే రాసుకుని 45 దాకా వచ్చేటట్టు చూసుకోండి.

ప్రశ్న: వాన పడిందంటే ఊరంతా ఒకేసారి ఉభాలు (వరి నాట్లు). కూలికి ఆడవాళ్లు దొరకరు. నాలుగు వేల జనం ఉన్న ఊళ్లో మనుషులు ఎటు పోతున్నారు?
– ఒక కాపు, వంశధార ఒడ్డు

జవాబు: ఎటూ పోలేదు, అందరూ అదే పదిహేను రోజుల్లో కావలసి వస్తున్నారు. నాలుగు వేలలో ఆడవాళ్లు రెండు వేల పైచిలుకు. 2011లో గజపతి జిల్లాలో వెయ్యి మంది మగవాళ్లకు 1,043 మంది ఆడవాళ్లు. పదిహేను నుంచి అరవై ఏళ్ల మధ్యవాళ్లు 1,200 అనుకుందాం. చంటిపిల్లల తల్లులు, చదువుకునేవాళ్లు, పొలం దిగనివాళ్లు పోగా చేతికొచ్చేది సగం, 600. చేతి ఊడ్పుకు ఎకరాకు పది మంది పడతారు. ఊరికి 900 ఎకరాల వరి ఉంటే 9,000 పనిదినాలు. పదిహేను రోజుల్లో ముగించాలంటే రోజుకు 600 మంది, అంటే ఒక్కరూ ఒక్క పూట కూడా ఆగకూడదు. జ్వరాలు తగిలే కాలంలో అది కుదరదు. అదే పని 30 రోజులకు పరిస్తే 300 మందే చాలు.

పరచడానికి ఆకుమడులు విడదీయాలి. 150 రోజుల స్వర్ణ (ఎంటీయూ 7029) జూన్ 8 ప్రాంతంలో, 135 రోజుల విజేత (ఎంటీయూ 1001) జూన్ 23న, 120 రోజుల ఎంటీయూ 1010 జూలై 8న పోయండి. స్వర్ణ నారు 30 రోజులకు, విజేత 25కు, 1010 నారు 21 రోజులకు తీస్తే ఉభాలు వరసగా జూలై 8న, 18న, 29న మొదలవుతాయి. ఎకరాకు 5 సెంట్ల ఆకుమడి, 20 నుంచి 25 కిలోల విత్తనం. వానమీదే ఆధారపడితే అందరి విత్తనమూ ఒకే వానకు పడుతుంది, ఈ ఏర్పాటు చెదిరిపోతుంది. బోరున్న మడి దగ్గర పది మంది కలిసి పోసుకోవడం మేలు. పది ఎకరాలకు 50 సెంట్లు సరిపోతుంది.

ఒక మెలిక ఉంది. పై తేదీలన్నీ కూడితే మూడు రకాలూ నవంబరు 5కు అటూ ఇటూగా ఒకేసారి కోతకొస్తాయి. కోత యంత్రం గంటకు ఎకరా లెక్కన రోజుకు ఎనిమిదెకరాలు కోస్తుంది. 900 ఎకరాలకు నాలుగు యంత్రాలున్నా 28 రోజులు. చివరి మడి గింజ రాలుతుంది. యంత్రాలు తక్కువైన ఊళ్లో, చేతికోత చేసే ఊళ్లో మూడు దఫాలూ ఒకే రకం పోసుకోండి, కోతలకూ పదిహేనేసి రోజుల ఎడం వస్తుంది. ఎంటీయూ 1010ని మాత్రం తొందరపడి జూన్ మొదట్లో పోయకండి. అక్టోబరు మొదటి వారానికల్లా పండి తుపాన్ల నోట్లో పడుతుంది. 2018లో తిత్లి తుపాను పలాస దగ్గర తీరం దాటింది అక్టోబరు 11నే. గజపతి జిల్లా ఆ దెబ్బ బాగా తిన్నది.

ప్రశ్న: మా పట్టణానికి కొత్త నీళ్ల పథకం అంటున్నారు. ఎనిమిది వేల మందికి ఎంత నీరు కావాలో మేము ఎలా సరిచూసుకోవాలి?
– ఒక వార్డు సభ్యురాలు, గజపతి జిల్లా

జవాబు: 1999 నాటి ప్రమాణం ప్రకారం మురుగునీటి పైపులు లేని పట్టణానికి మనిషికి రోజుకు 70 లీటర్లు. పల్లెకైతే 55. ఎనిమిది వేల మందికి 5.6 లక్షల లీటర్లు. పైపుల్లో పోయేది 15 శాతం కలిపితే 6.44 లక్షలు. మోటారుకు రోజూ ఎనిమిది గంటలు కరెంటు దొరికితే గంటకు 80,500 లీటర్లు, అంటే సెకనుకు 22 లీటర్ల పైన తోడాలి. నది ఇసుకలోని బావి ఏప్రిల్, మే నెలల్లో అంత ఇస్తుందా అని అడగండి. జూలైలో తీసిన దిగుబడి చూపిస్తే ఒప్పుకోకండి.

ఏ ఏడాది జనాభా మీద లెక్కగట్టారో కూడా చూడండి. 2011 అంకె నేరుగా వేస్తే ట్యాంకు కట్టిన రోజే చాలదు. సంక్రాంతికి వలస వెళ్లినవాళ్లంతా ఇంటికొస్తారు. ఆ వారం నీళ్లు అందని వీధి ఏదో గుర్తుపెట్టుకోండి, వేసవిలోనూ మొదట ఎండేది అదే. పథకం అప్పగించే రోజున చివరి వీధి కుళాయి కింద 20 లీటర్ల బకెట్ పెట్టండి. రోజుకు గంట నీళ్లొచ్చే చోట అది నాలుగు నిమిషాల్లో నిండాలి. అప్పుడే నలుగురున్న ఇంటికి సరిపడా నీరు వస్తుంది.

ప్రశ్న: రెండు రాష్ట్రాల్లోనూ ఓటు, రేషన్ ఉన్నవాళ్లు మా దగ్గర ఉన్నారు. జనగణనలో రెండు చోట్లా రాయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, కొరాపుట్ జిల్లా

జవాబు: కూడదు. కొటియా వంటి వివాదపు పల్లెల్లో రెండు ప్రభుత్వాలూ కార్డులిస్తాయి కాబట్టి ఇది సహజంగా కనబడుతుంది. ఓటు మాత్రం చట్టప్రకారం ఒక్క నియోజకవర్గంలోనే ఉండాలి. ఇల్లు మారితే ఫారం 8, ఒక చోట పేరు తీయించుకోవడానికి ఫారం 7. జనగణనలో, పైన సిరొంచ ప్రశ్నకు చెప్పినట్టు, మనిషి ఒక్కసారే పడాలి.

ప్రశ్న: మా గ్రామపంచాయతీ జనాభా 2011లో 3,040. ఇప్పుడు ఐదు వేలు దాటింది. సభ్యులు ఎంతమంది ఉండాలి?
– ఒక యువకుడు, గడ్చిరోలి జిల్లా

జవాబు: పదకొండు మంది. మహారాష్ట్రలో 1,500 దాకా 7 మంది, 3,000 దాకా 9, 4,500 దాకా 11, 6,000 దాకా 13, 7,500 దాకా 15, ఆపైన 17. లెక్కలోకి తీసుకునేది చివరగా అచ్చయిన జనగణన అంకె. 2027 లెక్కలు వెలువడే దాకా మీ పంచాయతీకి 3,040 మందే.